పుచ్చుకున్న చేతులతో ప్రయాణం

మా ఇంటికి సువార్త వచ్చి నూట నలభై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ మేం పుచ్చుకున్నవాళ్ళమే. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డు పల్లె మాది. మా మాదిగవాడకు ముందు బడి వచ్చింది, తర్వాత ఆసుపత్రి చీటీ, ఆ తర్వాత పాలపొడి, క్రిస్మస్‌కి పాత కోట్లు. అన్నీ సముద్రం అవతలి నుంచి వచ్చినవే. మా నాన్న చదివింది మిషన్ బడిలో. మా అమ్మ నన్ను కన్నది మిషన్ ఆసుపత్రిలో. ఆ రుణం నేను దాచుకోను. మిషనరీలను ఎవరైనా తేలిక చేసి మాట్లాడితే నాకు కష్టంగా ఉంటుంది. ఊరి బడి అరుగు కూడా ఎక్కనివ్వని రోజుల్లో మా వాడలోకి వచ్చి పలక చేతికిచ్చినవాళ్ళు వాళ్ళు.

అయితే పుచ్చుకున్నవాళ్ళకు మాత్రమే తెలిసే సంగతి ఒకటుంది. ఇచ్చే చెయ్యి ఎలా ఉంటుందో వాళ్ళు మర్చిపోరు. నా చిన్నప్పుడు మా గుడికి విదేశాల నుంచి ఒక బృందం వచ్చింది. పిల్లలందర్నీ ఎండలో వరసగా నిలబెట్టారు. ఒక దొరసాని మోకాళ్ళ మీద కూర్చుని నన్ను దగ్గరికి తీసుకుంది. ఫోటో తీశారు. చేతిలో పెన్సిల్ డబ్బా పెట్టారు. ప్రేమగానే చేసింది, ఆమె కళ్ళల్లో నీళ్ళు కూడా చూశాను. మా అమ్మ తెల్లారుజామున లేచి వాళ్ళ కోసం అరిసెలు వండి, స్టీలు డబ్బాలో సర్దుకుని గుడి బయట నిలబడింది. ఇక్కడి తిండి పడదని వాళ్ళకు ముందే చెప్పి పంపారేమో, ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఫోటో ఏ దేశంలో ఏ గోడ మీద ఉందో నాకు తెలియదు. అమ్మ ఆ డబ్బాను మూత తియ్యకుండా తెచ్చి గూట్లో పెట్టడం మాత్రం కళ్ళకు కట్టినట్టుంది.

ఇప్పుడు మా సంఘం విదేశానికి ప్రయాణం కడుతోంది. దక్షిణాఫ్రికాలో క్వాజులు-నటాల్‌కి, రెండు వారాలు. అందరూ మిషన్ ట్రిప్ అంటున్నారు. వెళ్ళే బృందంలో నేనూ ఉన్నాను. మా వంశంలో ఇచ్చేవాళ్ళ వరసలో నిలబడబోతున్న మొదటి మనిషిని నేనే. అందుకే ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. దేవుడి పేరు చెప్పి సముద్రం దాటిన మనిషి అవతలివాళ్ళ గడప ముందు ఏమని నిలబడాలి? ఇవ్వడానికి వచ్చాననా, అడగడానికి వచ్చాననా?

మా సంఘం హైదరాబాదు కొండాపూర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో కూడుకుంటుంది. శనివారం రాత్రి పెళ్ళి రిసెప్షన్ అయితే, ఆదివారం పొద్దున్నే ఆ పూల చెత్త ఊడ్చి కుర్చీలు వేసుకుంటాం. విశ్వాసుల్లో ముప్పాతిక మంది మైండ్‌స్పేస్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడల్లో పనిచేసేవాళ్ళే. నేను ఒక కంపెనీలో టెస్టింగ్ టీముకు మేనేజర్ని. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి ఈ చుట్టుపక్కల విదేశం వింత కాకుండా పోయింది. ఆన్‌సైట్ వెళ్ళనివాళ్ళు మా హాల్లో తక్కువ. వీసా ఇంటర్వ్యూకి ఏ కాగితాలు పెట్టుకోవాలి, ఏ సూట్‌కేసులో ఎన్ని కిలోలు పడతాయి, ఆవకాయ ఎలా చుట్టాలి, అన్నీ నిద్రలో అడిగినా చెప్తారు. అంత సులువైపోయింది కాబట్టే ఎందుకు వెళ్తున్నామని అడగడం మర్చిపోతామేమోనని నా భయం. క్లయింటు దగ్గరికి వెళ్ళే అలవాటుతోనే దేవుడి పనికీ వెళ్ళిపోతాం. ఒక ప్లాన్, ఒక షెడ్యూలు, చివర్లో ఒక రిపోర్టు.

నటాల్ అన్న మాట వినగానే మా పెద్దలకు ఒక పేరు గుర్తొచ్చింది, జాన్ రంగయ్య గారు. తెలుగు క్రైస్తవుల్లోనే చాలామందికి ఈ పేరు తెలియదు, అది నాకు బాధ. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవు చేరింది. చెరుకుతోటల్లో పనికి కట్టుబడిన కూలీలు దాంట్లో ఉన్నారు. 1911 దాకా సాగిన ఆ రవాణాలో నటాల్ చేరినవాళ్ళు లక్షా యాభై రెండు వేల పైచిలుకు. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రాజధాని నుంచి వెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు. తెలుగువాళ్ళలో కొందరు వెళ్ళేటప్పటికే బాప్టిస్టు విశ్వాసులు. వాళ్ళ మధ్య పని చెయ్యడానికి ఇక్కడి తెలుగు సంఘాలు పెట్టుకున్న తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ 1903లో నెల్లూరు నుంచి రంగయ్య గారిని పంపింది. ఆయన కుటుంబంతో ఓడెక్కారు. ఆ డిసెంబరు నెలలోనే కియర్స్‌నీ తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1915లో ఆయన అక్కడే కన్నుమూశారు.

ఆ పన్నెండేళ్ళూ ఎలాంటివో ఒకసారి తలుచుకోండి. కట్టుబాటు గడువు తీరిన కూలీ మళ్ళీ కట్టుబడకుండా, వెనక్కి రాకుండా అక్కడే ఉండదలుచుకుంటే ఏటా మూడు పౌన్లు పన్ను కట్టాలి. 1895లో తెచ్చిన చట్టం అది. గాంధీగారి నాయకత్వంలో 1913లో సమ్మె జరిగి, 1914లో ఆ పన్ను పోయింది. రంగయ్య గారు ప్రసంగించింది ఆ పన్ను కట్టలేని మనుషులకు. ఆయన్ను పంపింది కూడా డాలర్లున్న బోర్డు కాదు. పల్లెల్లో కూలికి పోయే మనుషులున్న తెలుగు సంఘాలు తమ కానుకల్లోంచి పంపాయి. పంపినవాళ్ళూ పేదలే, ఆయన వెళ్ళి కలిసినవాళ్ళూ పేదలే.

మేం పద్నాలుగు రోజుల సెలవు పెట్టి వెళ్తున్నాం. దీన్ని ఆయన చేసిన పనితో ఒకే పేరు పెట్టి పిలవడం నాకు మనసొప్పలేదు. మొదటి తయారీ కూడికలోనే ఆ మాట చెప్పాను. "మరి ఏమందాం అక్కా?" అన్నాడొక తమ్ముడు. అపొస్తలుల కార్యాల్లో దీనికి తావుందని నా నమ్మకం. అంతియొకయలో విశ్వాసులున్నారని విని యెరూషలేము సంఘం బర్నబాను పంపుతుంది. ఆయన వెళ్ళి అక్కడ దేవుడు అప్పటికే చేసిన పని చూసి సంతోషిస్తాడు. పదకొండో అధ్యాయం. తర్వాత పదిహేనో అధ్యాయంలో పౌలు, మనం ప్రకటించిన ఊళ్ళకు మళ్ళీ వెళ్ళి సోదరులు ఎలా ఉన్నారో చూద్దాం అంటాడు. వెళ్ళి చూడటం, క్షేమం కనుక్కోవడం, సంతోషించడం. మనవాళ్ళింట్లో పలకరింపులకు వెళ్ళినట్టే. రెండు వారాల్లో చెయ్యగలిగింది అదే, అది చిన్న పని కూడా కాదు.

రెండో కూడికలో గట్టి వాదన జరిగింది. మా వాళ్ళకు బోర్డు కనిపిస్తే రాయకుండా ఉండలేరు. పిల్లల ప్రోగ్రాం, యూత్ మీటింగ్, స్వస్థత ప్రార్థన, లాప్‌టాప్‌ల పంపిణీ అని రాసుకుంటూ పోయారు. కంపెనీలు పక్కన పెట్టిన లాప్‌టాప్‌లు బాగుచేయించి ఒక ముప్పై పట్టుకెళ్దామని, దగ్గర్లోని బడి పిల్లల్ని పిలిచి ముందు వాక్యం చెప్పి, ప్రార్థన చేసి, ఆఖర్న ఇద్దామని ఆలోచన. ఆలోచన చేసిన తమ్ముడి మనసు మంచిది. తన జీతంలో సగం పెట్టడానికి సిద్ధపడ్డాడు. నేను మాత్రం ఒప్పుకోలేదు. ఎందుకంటే మా ఊరి నది నాకు వేరే సంగతి నేర్పింది.

1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని కరువు తినేసింది. ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర అంతకుముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు. కరువు పనుల్లో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళు ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమంది ఆ కాలవగట్టున పనిచేసి కూలి తీసుకుని ప్రాణాలు నిలబెట్టుకున్నారు. బోధకులు వాళ్ళ మధ్యే ఉన్నారు, పగలు పని, సాయంత్రం మాటలు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఒక నెల, రెండు నెలలు కాదు, పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట ఎవరి మీదా పడకూడదనీ, కడుపు మంటలో తీసుకున్న నిర్ణయం మనిషిని జీవితాంతం వెంటాడకూడదనీ ఆయన ఉద్దేశం. కరువు పనులు ఆగి, పంచడానికి దొర చేతిలో డబ్బు లేనప్పుడు కూడా జనం వచ్చారు. అప్పుడు ఇచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి. ఆ ఏడాది చివరికి ఆ లెక్క తొమ్మిదిన్నర వేలు దాటింది.

ఆ రోజు నదిలో దిగిన బోధకులు ఆరుగురు, ఇద్దరు ఇద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ. అందరూ తెలుగువాళ్ళే. క్లౌ దొర తన చేత్తో ఒక్కరికి కూడా ఇవ్వలేదు. దీన్ని నేను చిన్నప్పటి నుంచి విన్నాను గానీ, పెద్దయ్యాకే దాని బరువు తెలిసింది. ఆ రోజు నీళ్ళల్లో దిగితే చరిత్రలో బొమ్మ ఆయనదే నిలిచేది. గట్టున ఉండిపోయాడు.

ఇంకా వెనక్కి వెళ్తే, తాళ్ళకొండపాడులో తోళ్ళ వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య గారు కనిపిస్తారు. దొర ఆ ఊరికి వెళ్ళకముందే ఆయన చుట్టాల ఊళ్ళన్నీ తిరుగుతూ, తోళ్ళ బేరాల మధ్యే తను విన్నది చెప్పుకుంటూ పోయాడు. దొర వెళ్ళేసరికి అక్కడ ఎదురుచూసే మనుషులు సిద్ధంగా ఉన్నారు. అంటే మా దగ్గరికి కూడా దేవుడు దొరకంటే ముందే వచ్చాడు. ఈ సంగతి గట్టిగా నమ్మినవాళ్ళకు విదేశం వెళ్ళేటప్పుడు అణకువ దానంతటదే వస్తుంది.

కాబట్టి లాప్‌టాప్‌ల విషయంలో నేను చెప్పింది ఇదే. ఇవ్వాలనుంటే ఇవ్వండి. అక్కడి బడి పంతుళ్ళనడిగి, వాళ్ళకు అవసరమైతే, మన పేరు లేకుండా, ప్రార్థనకు ముడిపెట్టకుండా కొరియర్‌లో పంపండి. వాక్యం చెప్పేచోట చేతిలో సంచి ఉండకూడదు. సంచి ఉంటే వినేవాడు సంచివైపే చూస్తాడు, అతని తప్పేం లేదు. వాదన రాత్రి పదింటి దాకా సాగింది. చివరికి బోర్డు మీద ఆ వరస చెరిపేశారు.

ఆఫీసులో మా టీములో పదేళ్ళుగా పక్క సీట్లో కూర్చునే స్నేహితురాలు ఉంది. ప్రతి కార్తీక సోమవారం ఉపవాసం ఉంటుంది. సెలవు ఎందుకని అడిగితే చెప్పాను. క్యాంటీన్లో టీ తాగుతూ సూటిగానే అడిగింది, "మతం మార్చడానికి వెళ్తున్నావా?" అని. కోపంతో అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. అలాంటి ప్రశ్నకు మర్యాద కోసం తప్పించుకునే జవాబు చెప్పకూడదు. నేను నమ్మినది ఎవరో ఒకరు చెప్తేనే మా ఇంటికి వచ్చింది, కాబట్టి చెప్పడంలో నాకు సిగ్గు లేదు అన్నాను. ఎవరైనా అడిగితే చెప్తాను, అడగకపోయినా నా బతుకులో జరిగింది చెప్తాను. కానీ కొనను. భయపెట్టను. నీ దేవుణ్ణి తిట్టను. వినడానికి ఎదుటి మనిషికి ఎంత స్వేచ్ఛ ఉందో, కాదనడానికీ అంతే ఉండాలి. ఆ స్వేచ్ఛ లేని చోట చెప్పినది సువార్త అవుతుందని నేననుకోను.

ఒక్క మనిషిని తమలో కలుపుకోవడానికి సముద్రాలు చుట్టి వచ్చేవాళ్ళను యేసు ఎంత కఠినంగా మందలించాడో మత్తయి ఇరవై మూడో అధ్యాయంలో ఉంది. మిషన్ కూడికల్లో ఇరవై ఎనిమిదో అధ్యాయం చివరి మాటలు పెద్ద బ్యానరు మీద ఉంటాయి. ఇరవై మూడును ఎవరూ బ్యానరు కట్టరు. రెండూ ఆయన మాటలే. వెళ్ళమన్నవాడే, ఎలా వెళ్ళకూడదో ముందే చెప్పాడు.

వీసా ఫారం దగ్గర కూడా ఈ సంగతే వచ్చింది. "టూరిజం అని రాసేస్తే సరిపోద్ది" అని ఎవరో అన్నారు. మన దేశంలో టూరిస్టు వీసా మీద వచ్చి మతప్రచారం చెయ్యకూడదు, మిషనరీలకు వేరే వీసా ఉంది. ఆ సంగతి దాచి వచ్చినవాళ్ళ వల్ల ఇక్కడి సంఘాల మీద ఎంత అనుమానం పడుతుందో మనకు తెలుసు. అదే పని మనం ఇంకో దేశంలో ఎలా చేస్తాం? ఎవరి ఇంటికి వెళ్తున్నాం, ఎందుకు వెళ్తున్నాం అన్నది ఉన్నదున్నట్టు రాయించాం. అబద్ధంతో మొదలైన ప్రయాణంలో సత్యం గురించి ప్రసంగించలేం.

డబ్బు సంగతి ఇంకొంచెం కష్టమైనది. మనిషికి టికెట్టూ వీసా అన్నీ కలిపి లక్షన్నర దాకా అవుతోంది. ఆ డబ్బుతో మా జిల్లాలో ఒక ప్రార్థన మందిరానికి రేకులు పడతాయి. ఇద్దరు పాస్టర్ల పిల్లలకు ఏడాది ఫీజు కట్టొచ్చు. ఈ లెక్క వేసినవాళ్ళను అవిశ్వాసులని ఎవరూ అనొద్దు. మా నాయనమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం తీసి కుండలో వేసేది. నెలాఖరుకు ఆ కుండ గుడికి వెళ్ళేది. ఇంట్లో అన్నం చాలని రోజు కూడా ఆ గుప్పెడు ఆగలేదు. మిజోరం స్త్రీలు 1910లో మొదలుపెట్టి ఈనాటికీ చేస్తున్నది ఇదే. ఆ పిడికెడు బియ్యం డబ్బుతో ఆ చిన్న రాష్ట్రం దేశమంతటికీ మిషనరీలను పంపుతోంది. అలాంటి కుండలోంచి వచ్చిన డబ్బుతో విమానం ఎక్కి, బీచ్‌లో ఒక రోజు, సఫారీలో ఒక రోజు గడపలేం. మేం పెట్టుకున్న నియమం ఇది: వెళ్ళేవాళ్ళ ఖర్చు వెళ్ళేవాళ్ళదే. సంఘం కానుకల్లోంచి పైసా తీసుకోం. తిరిగొచ్చిన ఆదివారం ఖర్చు లెక్క మైకులో చదవాలి, సాక్ష్యం ఆ తర్వాతే. సఫారీ తీసేశాం.

"ఇక్కడ మనుషులు లేరా, అక్కడిదాకా ఎందుకు?" అని కూడా అడిగారు. ఈ ప్రశ్నకు మా సంఘంలో ఒక పెద్దావిడ జవాబు చెప్పింది. నెల్లూరు వైపు ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి, అందరికీ నర్సమ్మ గారు. ఆమె ఒక షరతు పెట్టింది. బృందంలో ఉన్న ప్రతివాళ్ళూ వెళ్ళేలోపు, మన హాల్లో వెనక వరసల్లో కూర్చునే ఎవరో ఒకరి ఇంటికి భోజనానికి వెళ్ళాలి. వాళ్ళు పిలిస్తేనే. మనం ఏమీ పట్టుకెళ్ళకూడదు, పండ్లు కూడా.

నేను నర్సమ్మ గారితో కలిసి అంజయ్యనగర్ వెళ్ళాను. ఒక టవర్‌లో హౌస్‌కీపింగ్ చేసే పాలమూరు ఆమె పిలిచింది. నేను రోజూ కారులో దాటిపోయే అద్దాల బిల్డింగుకు సరిగ్గా వెనక సందు. ఒకటే గది, పక్కింటి నుంచి అడిగి తెచ్చిన రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆమె నిలబడే ఉంది. కోడికూర, పచ్చిపులుసు, జొన్నరొట్టె. కొడుకును పిలిచి చేతిలో నోటు పెట్టి కూల్‌డ్రింకు తెమ్మంది. "వద్దమ్మా, ఎందుకు ఖర్చు" అనబోయాను. నర్సమ్మ గారు నా మోచెయ్యి గట్టిగా నొక్కింది. బాటిల్ వచ్చింది, రెండు గ్లాసుల్లో పోసింది, తాగాం. తిన్నాక ఆమె అంది, "మూడేండ్ల సంది మీ గుడికి వస్తున్న మేడం, మా ఇంట్ల తిన్నది మీరే ఫస్టు." వందనాలు చెప్పుకుని, ప్రార్థన చేద్దామా అని నేనడిగేలోపే ఆమే మొదలుపెట్టింది. మా ప్రయాణం కోసం, దారిలో మాకు ఏ ఆపదా రాకూడదని, ఆ ముక్కూ మొహం తెలియని దేశంలో మాకు అన్నం పెట్టేవాళ్ళు దొరకాలని అడిగింది. మిషన్ పని కోసం నా మీద చేతులుంచి ప్రార్థన చేసినవాళ్ళలో అంత సరైనది అడిగినవాళ్ళు ఇంకొకరు లేరు.

లూకా పదో అధ్యాయం ఆమె చదివిందో లేదో నాకు తెలియదు. యేసు డెబ్బైమందిని పంపుతూ ఇచ్చిన ప్రయాణపు సూచనలు అందులో ఉన్నాయి. డబ్బు సంచి వద్దు, జోలె వద్దు, చెప్పులు వద్దు. ఏ ఇంట్లో దిగితే ఆ ఇంట్లోనే ఉండండి, వాళ్ళు పెట్టింది తినండి. సువార్త పట్టుకెళ్ళేవాడు అన్నం కోసం అవతలివాళ్ళ మీద ఆధారపడేటట్టు ఆయన కావాలనే పంపాడని నేను నమ్ముతాను. అన్నీ ఉన్నవాడు గుమ్మంలోకి వస్తే, ఇంటివాడు చెయ్యి చాపడం తప్ప ఇంకేం చెయ్యలేడు. ఆకలితో వచ్చినవాడికి ఇంటివాడు పెద్దరికంతో పెడతాడు, పక్కన కూర్చుని మాట్లాడతాడు. అప్పుడు చెప్పిన మాట సమానుల మధ్య మాట అవుతుంది.

మన డోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో తెల్లదొరల ముఖం మీదే ఇది చెప్పారు. మీరు మాకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, స్నేహం కూడా ఇవ్వండి అన్న అర్థంలో. ఆ మాట సభలో చాలామందిని నొప్పించింది. ఆయన స్వయంగా తిరునెల్వేలి తమిళుడు. తమిళ సంఘాలు తమ డబ్బుతో పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకున్నారు. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న చనిపోయేదాకా తెలుగువాళ్ళ మధ్యే ఉన్నారు. స్నేహం అడిగిన మనిషి, దాన్ని ఎలా ఇవ్వాలో బతికి చూపించారు.

ఇక నటాల్ నుంచి మాకొచ్చిన కోరిక గురించి చెప్పాలి. స్టాంగర్, ఇప్పుడు క్వాడుకుజా అంటున్నారు, అక్కడి ఒక పెద్దాయనతో వీడియో కాల్లో మాట్లాడాం. నాలుగో తరం. ఇంగ్లీషే మాట్లాడతారు. తెలుగులో ఆయనకు వచ్చినవి అమ్మ, తాత, అన్నం, ఇంకో నాలుగు మాటలు. మీకు ఏం తీసుకురమ్మంటారని మా తమ్ముడు అడిగాడు. ఆయన లేచి వెళ్ళి ఒక పాత తెలుగు బైబిలు తెచ్చి కెమెరా ముందు పెట్టారు. అట్ట వెనక ఖాళీ పేజీలో సిరాతో చేతిరాత. "ఇది మా తాతగారు రాసుకున్నది. మాలో ఎవరికీ చదవడం రాదు. మీరు చదివి చెప్పగలరా?" అన్నారు.

మా స్క్రీన్ ముందు ఎనిమిది మందిమి ఉన్నాం. అందరం తెలుగువాళ్ళమే. ముగ్గురికి తెలుగు చదవడమే సరిగా రాదు, వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునే వయసు వాళ్ళది. మిగతావాళ్ళకు ఆ రాత కొరుకుడు పడలేదు. తేదీలు తెలుగు అంకెల్లో ఉన్నాయి. ధర్మం అన్న మాటలో రకారాన్ని ముందు రాయకుండా 'మ' పక్కన గిలకగా పెట్టే పాత పద్ధతి. పదానికీ పదానికీ మధ్య జాగా లేదు. నేను కళ్ళు చికిలించి ఒక వరస పట్టుకున్నాను. "కందుకూరు తాలూకా" అని ఉంది. దాని ముందున్న ఊరి పేరు అందలేదు. కందుకూరు అని చదవగానే ఆయన ఏమీ మాట్లాడలేదు. తర్వాత భార్యను పిలిచి, ఆ మాట మళ్ళీ చదవమన్నారు. ఆ కుటుంబంలో ఇప్పుడున్న ఎవరికీ తాము ఏ తాలూకా వాళ్ళో తెలియదు. అది మా ఊరికి దక్షిణాన, బస్సులో పోయేంత దూరం.

అప్పటి నుంచి మా తయారీ మారిపోయింది. మా కంపెనీల్లో ఒక పని చేతికి తీసుకునేముందు, ఆ పని తెలిసినవాళ్ళ పక్కన వారాల తరబడి కూర్చుని కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) తీసుకుంటాం. నోరు మూసుకుని వినాలి, రాసుకోవాలి, తెలిసినట్టు నటిస్తే తర్వాత మనకే ముప్పు. ఇప్పుడు ప్రతి శనివారం నర్సమ్మ గారి దగ్గర మాకు అదే జరుగుతోంది. ఆమె తండ్రి రాసిన ఉత్తరాల కట్ట విప్పి, ఒక్కో వరసా మాచేత చదివిస్తోంది. గిలక ఎక్కడుంది, అరసున్న ఎక్కడుంది, ౬ ఏది, ౯ ఏది. లాప్‌టాప్‌లు అనుకున్న తమ్ముడే అందరికంటే ముందు నేర్చుకున్నాడు. ఆ ఊరి పేరు ఏమై ఉంటుందో అని కందుకూరు చుట్టుపక్కల పల్లెల పేర్లన్నీ పుస్తకంలో రాసుకున్నాడు.

వాళ్ళు మాకు ఇవ్వబోయేది ఇంతకంటే పెద్దదని నా లెక్క. భాష పోయింది, ఊరు పోయింది, పన్నులు, వర్ణవివక్ష అన్నీ దాటారు, విశ్వాసం మాత్రం నాలుగు తరాలు నిలబెట్టుకున్నారు. మా పిల్లలు రేపు ఏ దేశంలో ఉంటారో తెలియదు, తెలుగు వాళ్ళ నోట ఉంటుందో లేదో తెలియదు. విశ్వాసం ఎలా చేతులు మారుతుందో అడిగి తెలుసుకోవాల్సింది మేం. అందుకే మా షెడ్యూల్లో సగం రోజులు ఖాళీగా పెట్టాం. ప్రసంగాలు రెండే, అవి కూడా వాళ్ళు అడిగినవి. మిగతాది వాళ్ళ ఇళ్ళల్లో భోజనాలు, వాళ్ళ పెద్దల మాటలు. పిల్లల ఫోటోలు తియ్యకూడదని అందరం సంతకం పెట్టాం, అది నేనే పట్టుబట్టి రాయించాను.

ఈ సీజన్‌లో హైదరాబాదు సంఘాల నుంచి ఎన్నో బృందాలు కెన్యా అనీ, నేపాల్ అనీ, ఇంకెక్కడికో బయల్దేరతాయి. మీ హాల్లో కూడా కవర్లు పంచుతారు. కవర్లో డబ్బు పెట్టేముందు వెళ్ళేవాళ్ళను నిలబెట్టి ఒక్కటి అడగండి: అక్కడివాళ్ళ దగ్గర మీరు పుచ్చుకోబోయేది ఏమిటి? జవాబు చెప్పలేకపోతే ఆ కవరు ఖాళీగానే తిరిగి ఇచ్చెయ్యండి. ఇంకో ఏడాది ఆగి, సిద్ధపడి వెళ్ళమనండి.